స్పర్ధలో పెరిగిన సూక్ష్మచిత్రకళ

స్పర్ధ వల్ల విద్య వృద్ధి పొందుతుందని మన పెద్దలు చెప్పిన మాట. ఉపాధ్యాయులు ఆ మాట చెప్పని సంవత్సరం ఉండదు. విద్యార్థులు వినని సంవత్సరమూ ఉండదు. ఐతే స్పర్ధలన్నీ ఒక జాతివి కావు. పొరుగువాని దీపం ఆర్పి, తన దీపమే వెలుగుతున్నదని చాటుకొనే స్పర్ధ ఒకటి. పొరుగువాని దీపంతో తన వత్తి వెలిగించుకొని, అంతకంటె మిన్నగా వెలగజూచే స్పర్ధ మరొకటి. విద్యను పెంచేది ఈ రెండవదే.

దీనికి నిదర్శనం కావలెనంటే సుమారు 400 సంవత్సరాల క్రిందటి సూక్ష్మచిత్రకారుల కథ చూడవలె. ఆ కథలో సగం లండను నగరంలో నడిచింది. తక్కిన సగం మన దేశంలో మొగలు చక్రవర్తుల చిత్రశాలలో నడిచింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పెరిగిన ఆ రెండు విద్యలు 1616వ సంవత్సరంలో అజ్మీరులో ఎదురుబడి, ఒకదాని బలం ఒకటి పరీక్షించుకొన్నవి.

సిందూరం నుంచి వచ్చిన పేరు

సూక్ష్మచిత్రాన్ని ఇంగ్లీషులో మినియేచర్ అంటారు. చిన్నది కనుక ఆ పేరు వచ్చిందని తోచడం సహజమే కాని, అసలు సంగతి వేరు. లాటిన్ భాషలో 'మినియం' అంటే సీసం నుంచి చేసిన సిందూరం. చేతివ్రాత గ్రంథాలలో మొదటి అక్షరాలను ఆ ఎర్రరంగుతో అలంకరించేవారు. ఆ పనికి వచ్చిన పేరు క్రమంగా పుస్తకాలలోని బొమ్మలకు, పిమ్మట చిన్న బొమ్మలన్నిటికీ వర్తించింది. కనుక ఇది గ్రంథం ఒడిలో పుట్టిన కళ. ఇంగ్లండులో అది గ్రంథాన్ని విడిచి, పతకంవలె మెడలో ధరించే చిత్తరువు అయింది. మన దేశంలో గ్రంథాన్ని విడువకుండానే రాజసభలను, యుద్ధాలను, పక్షులను, పువ్వులను, చివరకు ఒక్కొక్క మనిషి ముఖాన్ని చిత్రించేటంతగా ఎదిగింది.

ఇంత చిన్న చిత్రంలో తప్పు దాగదు. గోడమీద బొమ్మలో అంగుళం వంకర కనబడకపోవచ్చు. రెండంగుళాల ముఖంలో వెంట్రుకవాసి తేడా వస్తే మనిషే మారిపోతాడు. కనుకనే ఈ విద్యలో ప్రతి చిన్న మెళకువకూ విలువ హెచ్చు. విలువ హెచ్చిన చోట దాచుకోవలెనన్న కోరికా హెచ్చుతుంది. దాచుకోకుండా చెప్పినవారి వల్లనే ఈ కళ నిలిచిందన్నది గమనింపదగిన విశేషం.

లండనులో గురుశిష్యులు

ఎనిమిదవ హెన్రీ కాలంలో హోల్బైన్ అనే జర్మను చిత్రకారుడు ఇంగ్లండు చేరాడు. తైలవర్ణ చిత్రాలలో అప్పటికే పేరుమోసినవాడు. ఐనా ఈ చిన్న విద్య తనకు తెలియదని గ్రహించి, రాజాస్థానంలో ఉన్న లూకస్ అనే చిత్రకారుని వద్ద దానిని నేర్చుకొన్నాడనీ, అనతికాలంలోనే అతనిని మించిపోయాడనీ కారెల్ వాన్ మాండర్ 1604లో వెలువరించిన చిత్రకారుల చరిత్రలో వ్రాశాడు. ఆ లూకస్ ఫ్లాండర్సు నుంచి వలసవచ్చిన లూకస్ హోరెన్‌బౌట్. పేరుప్రతిష్ఠలు గడించిన తరువాత మళ్ళీ పలకాబలపం పట్టడానికి హోల్బైన్ సిగ్గుపడలేదు. తనకు పోటీ కాగలవాడని తెలిసీ నేర్పడానికి లూకస్ వెనుదీయలేదు.

హోల్బైన్ 1543లో మరణించాడు. అతని తరువాత ఈ కళకు ఇంగ్లండులో అగ్రస్థానం పొందిన నికొలస్ హిల్లియర్డ్ 1547 ప్రాంతంలో ఎక్సెటర్ పట్టణంలో ఒక స్వర్ణకారుని ఇంట పుట్టాడు. గురువును కన్నులతో చూడకపోయినా, తాను ఎల్లప్పుడు హోల్బైన్ పద్ధతినే అనుసరించానని అతడు చెప్పుకొన్నాడు. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొన్న ఏకలవ్యునివలె, ఇతడు గురువు వేసిన బొమ్మలనే గురువుగా నిలుపుకొన్నాడన్న మాట. 1572లో అతడు ఎలిజబెత్ రాణి రూపాన్ని రెండంగుళాల పరిమాణంలో చిత్రించాడు.

హిల్లియర్డ్ శిష్యులలో ఐజక్ ఆలివర్ ముఖ్యుడు. ఫ్రాన్సులోని రువాన్ నగరంలో పుట్టి, మతకలహాల వల్ల తల్లిదండ్రులతో 1568లో లండను చేరిన శిశువు అతడు. పెరిగి పెద్దవాడై గురువుకే పోటీగా నిలిచాడు. ఇద్దరి మార్గాలు వేరు. హిల్లియర్డ్ రేఖను నమ్మినవాడు. ముఖంమీద నీడలు పరచడం అతనికి గిట్టదు. రాణికి కూడా ఇదే అభిప్రాయమనీ, చెట్టునీడ సైతం సోకని తోటదారిలో ఆమె కూర్చుండి చిత్రం వ్రాయించుకొన్నదనీ అతడు వ్రాశాడు. ఆలివర్ వెలుగునీడలను నమ్మినవాడు. చిన్నచిన్న చుక్కలతో నీడను దట్టంచేసి, ముఖానికి గుండ్రదనం తెచ్చేవాడు. 1590లో అతడు ఇద్దరు పసిపిల్లలను చిత్రించాడు. నాలుగేళ్ళ పిల్ల చేతిలో ఆపిల్ పండు, అయిదేళ్ళ పిల్ల చేతిలో పువ్వు ఉంటవి. ఆ లేతబుగ్గలలోని మెత్తదనం చూస్తే శిష్యుడు వేరుదారి ఎందుకు త్రొక్కాడో తెలుస్తుంది.

1605లో ఆలివర్ అన్ రాణికి ఆస్థాన చిత్రకారుడైనాడు. ఆమె భర్త జేమ్సు రాజు కొలువు హిల్లియర్డుదే. ఒక్క రాజగృహంలోనే భర్త వైపు గురువు, భార్య వైపు శిష్యుడు! వారి మధ్య పోటీ లేదనడం సరికాదు, పోటీ ఉన్నది. ఐతే ఆ పోటీలో ఉభయులూ ఒకే పాఠశాలలో నేర్చిన పనితనాన్ని చెరొక విధంగా మెరుగుపరచుకొన్నారు. అందువల్ల చూచేవారికి ఒకటి కాక రెండు మార్గాలు లభించినవి.

దాచని మెళకువలు

1598లో హేడాక్ అనే ఆక్స్‌ఫర్డు విద్వాంసుడు చిత్రకళను గురించిన ఒక ఇటాలియను గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, నీ విద్యను గురించి నీవూ వ్రాయవలసిందని హిల్లియర్డును కోరాడు. ఆ కోరికపై హిల్లియర్డ్ 1600 ప్రాంతంలో ఒక గ్రంథం వ్రాశాడు. బ్రతుకుతెరువు సాగిస్తున్న పనివాడు తన పనిగుట్టు కాగితంమీద పెట్టడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ గ్రంథంలో ఉన్నవి గాలిమాటలు కావు. పలుచని తోలుకాగితాన్ని పేకముక్క అట్టకు అంటించి చిత్రానికి ఆధారం చేసుకోవడం, రంగులను మెత్తగా నూరి తుమ్మజాతి బంక నీటితో కలుపుకోవడం, ఉడుత వెంట్రుకల కుంచె పట్టడం వంటివి అందులో ఉన్నవి. చిత్రం వ్రాసేటప్పుడు పట్టుబట్టలు కట్టుకోవలెనని హెచ్చరిక. నూలు, ఉన్ని బట్టలైతే నూగు రాలి రంగులో పడుతుంది. చిత్రంమీదకు వంగి మాటలాడరాదు. తుంపర పడితే రంగు చెడుతుంది. తలలోని చుండ్రు రాలకుండా కూడా జాగ్రత్తపడమంటాడు. బంగారు పూతకు మెరుగుపెట్టడానికి ముంగిస వంటి చిన్న జంతువు పన్ను వాడమంటాడు.

చిత్రంలో కెంపు పొదిగినట్లు కనిపించడానికి అతని యుక్తి మరీ చక్కనిది. ముందు వెండిపూత పూసి మెరుగుపెట్టాలి. దానిమీద రంగు కలిపిన చెట్టు జిగురును కాచిన సూదిమొనతో బొట్టుగా దించాలి. అడుగునున్న వెండి వెలుగును పైకి తిప్పికొట్టడంతో ఆ బొట్టు నిజమైన రత్నంవలె మెరుస్తుంది. ముత్యానికైతే సీసపు తెలుపు బొట్టును ఉబ్బుగా నిలిపి, దానిపై వెండిచుక్క పెట్టాలి. కాలక్రమాన అనేక చిత్రాలలో ఆ వెండిచుక్కలు నల్లబారిపోయినవి. అందువల్ల నేడు చూచేవారు నల్లని ముత్యాలనుకొని భ్రమపడతారు. గ్రంథం ఉన్నది కనుకనే అవి తెల్లని ముత్యాలని తెలియవచ్చింది. చెప్పి పోయిన విద్య చిత్రం మాసినా అర్థం మాయనివ్వదు.

1624 నాటి ఒక నకలు ఎడింబరో విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నది. గ్రంథం సంపూర్ణంగా అచ్చుకెక్కింది 1912లో. అచ్చు లేకపోయినా చేతివ్రాతలోనే అది తరువాతి చిత్రకారులకు ఉపయోగపడింది. ఎడ్వర్డ్ నార్గేట్ మొదలైనవారు అదే బాటలో గ్రంథాలు వ్రాశారు.

అక్బరు చిత్రశాల

ఇక మన దేశపు కథ. హుమాయూను చక్రవర్తి పారశీక దేశంనుంచి మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అనే ఇద్దరు నిపుణులను తన వెంట తెచ్చుకొన్నాడు. అక్బరు కాలంలో వారి చేతిక్రింద హిందువులు, మహమ్మదీయులు కలిసి పనిచేసే గొప్ప చిత్రశాల ఏర్పడింది. హంజానామా కథకు అందులో సుమారు 1400 చిత్రాలు బట్టమీద వ్రాశారు. దానికి పదిహేనేండ్ల కాలం పట్టింది.

ఆ చిత్రశాల నడచిన తీరును అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వర్ణించాడు. వారానికి ఒకసారి అధికారులు చిత్రకారులందరి పనిని చక్రవర్తి ముందు ఉంచేవారు. పని నాణ్యాన్నిబట్టి బహుమానాలు ఇవ్వడమో, నెలజీతాలు పెంచడమో జరిగేది. ఇక్కడ గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఒకని జీతం పెరగడానికి మరొకని జీతం తగ్గనక్కరలేదు. కొలత పొరుగువాడు కాదు, పని. కనుక ప్రక్కవానికి ఒక మెళకువ చెప్పినంత మాత్రాన చెప్పినవానికి నష్టం లేదు.

చెప్పక తీరని ఏర్పాటు కూడా ఉన్నది. ఒక చిత్రాన్ని తరచు ఇద్దరు ముగ్గురు కలిసి పూర్తిచేసేవారు. ఒకడు రేఖావిన్యాసం గీస్తే, మరొకడు రంగులు వేసేవాడు. ముఖాలు తీర్చడంలో దిట్టయైన మూడవవాడు ముఖాలు తీర్చేవాడు. గురువుగారి గీత అంతరార్థం తెలియనిదే శిష్యుడు రంగు వేయలేడు. రంగువేసేవాని చేతిగుణం ఎరుగనిదే గురువు గీయలేడు. వాదించుకొంటూ, నేర్చుకొంటూ, ఒకే కాగితంమీద అందరూ పనిచేయవలె.

దస్వంత్ అనే చిత్రకారుడు పల్లకి మోసే బోయీ కుమారుడు. కళమీది మక్కువతో గోడలమీద కూడా బొమ్మలు గీస్తూ తిరిగేవాడు. అక్బరు అతని చేతివాటం చూచి, అబ్దుస్సమద్ చేతిలో పెట్టాడు. పారశీకపు గురువు బోయీల పిల్లవానికి తన విద్య సమస్తం ధారపోశాడు. కొద్దికాలంలోనే అతడు సాటివారిని మించిపోయాడు. అతనికి దీటైనవాడు బసావన్. ముఖలక్షణాలు తీర్చడంలోను, రంగుల కూర్పులోను అతడే మేటి అనీ, దస్వంత్ కంటె అతనినే మెచ్చుకొనే రసికులు పలువురున్నారనీ అబుల్ ఫజల్ వ్రాశాడు. ఇద్దరి పక్షాన ఇట్లు తర్కించుకొనే రసికులుండడం ఏ కళకైనా భాగ్యమే.

దస్వంత్ జీవితం విషాదాంతం. మనస్సు చీకటిపడి, 1584లో అతడు తన ప్రాణం తానే తీసుకొన్నాడు. ఐతే అతని విద్య అతనితో పోలేదు. మహాభారతాన్ని పారశీక భాషలోకి మార్పించి, 1582 మొదలు 1586 వరకు చిత్రింపజేసిన రజ్మ్‌నామా గ్రంథంలో దస్వంత్ గీసిన రేఖలకు ఇతర చిత్రకారులు రంగులు వేశారు. ఒక్కడే గదిలో తలుపు వేసుకొని వ్రాసుకొన్నవాడైతే, ఆ భారతచిత్రాల ఊహలు లోకానికి దక్కేవా?

చూచి నేర్వడం

1580లో గోవానుంచి జెసూటు పాదరులు ఫతేపూర్ సిక్రీకి వచ్చి, అచ్చుబొమ్మలున్న బైబిలు గ్రంథాన్ని అక్బరుకు సమర్పించారు. ఆ బొమ్మలలోని వెలుగునీడలు, దూరందగ్గర చూపే పద్ధతి మన చిత్రకారులకు క్రొత్త. క్రొత్త కనుక కాదనలేదు, దిద్ది నేర్చుకొన్నారు. 1600లో అబుల్ హసన్ అనే బాలుడు తన పదమూడవ ఏట జర్మను కళాకారుడు డ్యూరర్ చెక్కిన ఒక రూపాన్ని చూచి గీసిన చిత్రం నేటికీ ఆక్స్‌ఫర్డులో ఉన్నది. ఆ బాలుడే పెద్దవాడై జహంగీరు చేత 1618లో 'నాదిరుజ్జమాన్', అనగా కాలానికి అద్భుతమైనవాడు, అనే బిరుదు పొందాడు.

ఇట్లా చూచి గీయడాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. అది అభ్యాసం. మేలైన రూపంమీద పలుచని జింకచర్మపు పొర పరచి, గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది క్రొత్త కాగితంమీదకు దించుకొనే పద్ధతి కూడా చిత్రశాలలలో ఉండేది. కాగితానికి అకీకు రాతితో మెరుగుపెట్టేవారు. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టేవారు. బంగారం ధగధగలాడడానికి పూతమీద సూదిమొనతో చిన్నచిన్న గుంటలు చేసేవారు. లండనులో హిల్లియర్డ్ పన్నుతో చేసినది ఇక్కడ రాతితో చేశారు. ఉడుత కుంచె రెండుచోట్లా ఒక్కటే.

అజ్మీరు పందెం

జేమ్సు రాజు రాయబారిగా సర్ టామస్ రో 1615లో సూరతులో దిగి, మరుసటి యేడు అజ్మీరులో జహంగీరు కొలువు చేరాడు. అతని వద్ద ఒక ఇంగ్లీషు సూక్ష్మచిత్రం ఉన్నది. అది ఐజక్ ఆలివర్ వ్రాసినదై ఉండవచ్చునని పండితుల ఊహ. జహంగీరు చిత్రకళలో ఆరితేరిన పరీక్షకుడు. ఒక చిత్రంలో ముఖం ఒకడు, కనుబొమలు మరొకడు వ్రాసి ఉంటే, ఏది ఎవరిదో చెప్పగలనని తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నవాడు. రో చూపించిన చిత్రం చూచి ముచ్చటపడి, తన చిత్రకారులు దీనికి సరిగా నకలు వ్రాస్తారనీ, అప్పుడు నీ చిత్రాన్ని నీవే పోల్చుకోలేవనీ చక్రవర్తి పందెం పలికాడు. అది సాధ్యం కాదని రాయబారి నమ్మకం.

1616 ఆగస్టు నెలలో ఒక రాత్రి జహంగీరు రోను పిలిపించాడు. ఒకే పలకమీద ఆరు చిత్రాలు అంటించి ఉన్నవి. ఒకటి ఇంగ్లండునుంచి వచ్చినది. తక్కిన అయిదు చక్రవర్తి చిత్రకారుడు వ్రాసినవి. కొవ్వొత్తి వెలుగులో ఏది ఏదో తెలుసుకోవడానికి తాను కొంత తికమకపడ్డాననీ, ఆ పని తాను ఊహించినదానికంటె ఎంతో గొప్పగా ఉన్నదనీ రో తన దినచర్యలో నిజాయితీగా ఒప్పుకొన్నాడు. చివరకు తన చిత్రం గుర్తించి చూపాడు. ఐనా తేడా సామాన్యుల కంటికి అందేది కాదని వ్రాశాడు.

పందెం మాటకు వస్తే రో గెలిచాడు. కాని ఓడిన జహంగీరు ఆనందానికి మేర లేకపోయింది. రాయబారి ఒక్క క్షణం తడబడడమే తన చిత్రకారునికి కిరీటం పెట్టినట్లు భావించాడు. ఆ నకళ్ళలో నచ్చినది ఏరుకొని ఇంగ్లండు తీసుకుపోయి, మావాళ్ళు మీరనుకొన్నంత నేర్పులేనివారు కారని చూపించమన్నాడు. ఓడినవాడు సంతోషించి, గెలిచినవాడు ఎదుటివాని నేర్పును మెచ్చుకొని, ఉభయులూ ఏదో ఒకటి నేర్చుకొని లేచిన పోటీ ఇది.

నేర్చుకొన్నారనడానికి చిత్రాలే సాక్ష్యం. బిచిత్ర్ అనే మొగలు చిత్రకారుడు ఇంచుమించు అదే కాలంలో జహంగీరు కొలువు చిత్రిస్తూ, ఇంగ్లీషు చిత్రం చూచి జేమ్సు రాజు రూపాన్ని అందులో వ్రాశాడు. క్రింది మూలన తన రూపాన్నీ వ్రాసుకొన్నాడు. ఆ చిత్రం నేడు వాషింగ్టనులో ఉన్నది. విద్య ఒకవైపే ప్రవహించలేదు. 1656 తరువాత కొద్ది సంవత్సరాలలో హాలెండులో రెంబ్రాంట్ అంతటి మహాచిత్రకారుడు మొగలు సూక్ష్మచిత్రాలను ముందుంచుకొని ఇరవైకి పైగా రేఖాచిత్రాలు గీశాడు. యాభై యేండ్లు నిండిన వయస్సులో, ఐరోపా అంతటా పేరు పొందిన తరువాత, పేరు తెలియని భారతీయ చిత్రకారుల ముందు అతడు విద్యార్థిగా కూర్చున్నాడు.

పేరు వ్రాసిన గుమాస్తా

ఈ కథలో చిత్రకారులను ఒకరికొకరు చెప్పుకొనేటట్లు చేసినది కేవలం ఔదార్యమే అనుకోరాదు. ఆలివర్ గురువును మించజూచాడు. బసావన్ దస్వంత్‌ను మించజూచాడు. జహంగీరు ఇంగ్లండును మించజూచాడు. మించవలెనన్న పట్టుదల లేనిచోట ఎవరూ వెంట్రుకవాసి గీతకోసం కన్నులు కాయలు కాయించుకోరు. ఐతే ఆ పట్టుదల విషం కాకుండా కాపాడిన ఏర్పాట్లు కొన్ని ఉన్నవి. పనిని పనితోనే కొలవడం ఒకటి. నేర్చినది నలుగురి ముందూ పెట్టడం ఒకటి. మూడవది చాలా చిన్నది కనుక చరిత్ర చదివేవారు తరచు దాటిపోతారు.

అక్బరు గ్రంథాలలో చిత్రం అడుగున, అంచుమీద, సన్నని అక్షరాలతో గుమాస్తా ఒక పంక్తి వ్రాసేవాడు: రేఖ ఫలానావానిది, రంగు ఫలానావానిది, ముఖాలు ఫలానావానివి. చిత్రం చక్రవర్తిది, గ్రంథం చక్రవర్తిది, ఐనా బోయీ కొడుకు చేసిన పని బోయీ కొడుకు పేరుమీదనే ఉన్నది. తన వంతు తన పేరనే నిలుస్తుందన్న నమ్మకం ఉన్నవాడు తన విద్య దాచుకోవలసిన అగత్యం లేదు. తరగతిలో లెక్క చేసిన పిల్లవాని పేరుతోపాటు, ఆ దారి చూపిన ప్రక్క పిల్లవాని పేరు కూడా చెప్పే ఉపాధ్యాయుడు ఆ గుమాస్తా పనినే చేస్తున్నాడు.